వేడినీళ్ళ తొట్టి పక్క చోటు

మెక్నెస్ పాతబస్తీలో నేను రుద్దని ఆడదాని వీపు లేదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. పెళ్ళికూతుళ్ళ వీపులు, బాలింతల వీపులు, మొగుళ్ళతో పోట్లాడి పొద్దున్నే ఈ ఆవిరి స్నానాల హమ్మామ్‌కు వచ్చి కూర్చునేవాళ్ళ వీపులు, అన్నీ ఈ చేతుల కిందనుంచే పోయాయి. అలాంటి బతూల్‌కు, అంటే నాకు, నా నడుమే శత్రువై కూర్చుంది. దేవుడికి కూడా అప్పుడప్పుడు వేళాకోళం కావాలేమో.

హమ్మామ్‌లో రుద్దేవాళ్ళకు జీతం ఉండదు. చోటు ఉంటుంది. చోటుంటే గిరాకీ ఉంటుంది, గిరాకీ ఉంటే పొయ్యి వెలుగుతుంది. లోపలి వేడి గదిలో, వేడినీళ్ళ తొట్టి పక్కన, గోడ మూలకు ఆనుకున్న చోటు నాది. మా అత్త తర్వాత నాకు వచ్చింది. అక్కడ కూర్చుంటే నీళ్ళు మోసుకురానక్కర్లేదు, చెయ్యి చాపితే అందుతాయి. నేల వెచ్చగా ఉంటుంది కాబట్టి మురికి తొందరగా నానుతుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ఆ మూలే కావాలంటారు.

మాలో ఒక కట్టుబాటు ఉంది. చోటు వదిలి వెళ్ళేటప్పుడు బకెట్ బోర్లించి పోతాం. బకెట్ బోర్లించి ఉంటే మనిషి తిరిగి వస్తుందని అర్థం. అక్కడ ఎవరూ కూర్చోరు, పసిపిల్లలు కూడా దాన్ని కదపరు. అయితే ఆ మర్యాద శుక్రవారం దాకానే. శుక్రవారం పొద్దున్న నేలంతా కడిగేటప్పుడు బకెట్లన్నీ తీసి బయట పడేస్తారు. కడిగాక వచ్చి తన బకెట్ తాను పెట్టుకోకపోతే ఆ చోటు పోయినట్టే. ఏడ్చినా రాదు, మొత్తుకున్నా రాదు.

నా పక్క చోటు హనియాది. ఒంటిమీద ఎముకలు తప్ప ఏమీ ఉండదు గాని నోరు మాత్రం పదిమంది పెట్టు. ఒక పెళ్ళికూతురి స్నానం దగ్గర మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది. తప్పెవరిదో నన్ను అడగొద్దు, అడిగితే హనియాదే అంటాను. అప్పటినుంచి ఏళ్ళ తరబడి మా మధ్య మాటల్లేవు. దెప్పులు ఉన్నాయి, విసుర్లు ఉన్నాయి, అవీ గోడకు చెప్పినట్టే. మాటలు మాత్రం లేవు.

దానివల్ల ఒక నష్టం జరిగింది. ఊరందరి వీపూ రుద్దే మాకు మా వీపు మాకు అందదు. అందుకని గురువారం సాయంత్రం గిరాకీ అయిపోయాక నా వీపు హనియా, హనియా వీపు నేను రుద్దుకునేవాళ్ళం. గొడవ తర్వాత అదీ ఆగిపోయింది. నా వీపు నా కూతురు సిహామ్ రుద్దేది, పిల్లిపిల్ల గోకినట్టు. హనియాకు ఆ మాత్రం కూడా ఎవరూ లేరు.

చలికాలం చివర్లో ఒకరోజు పిండిమర కరీమ్ భార్యకు రుద్దుతున్నాను. నిండైన మనిషి. ఆవిణ్ణి అటు తిప్పి, నీళ్ళ బకెట్ ఎత్తబోయాను. నడుం కలుక్కుమంది. అక్కడినుంచి పిర్ర మీదుగా, తొడ వెనకగా, పిక్క దాటి కాలి బొటనవేలి దాకా మంట పాకింది. కేక వేసి అక్కడే కూలబడ్డాను. నలుగురు ఆడవాళ్ళు నన్ను తుండుగుడ్డలో వేసి బయటికి మోసుకొచ్చారు. రుద్దించుకోవడానికి వచ్చినవాళ్ళ చేత మోయించుకున్నాను, అంతకంటే సిగ్గుచేటు ఏముంది?

ఆ నొప్పిని మావాళ్ళు బూజల్లూమ్ అంటారు. ఆ పేరు వింటేనే ముసలమ్మలు గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయినంత నొప్పి. ఆలివ్ నూనె రాశారు, మెంతులు నూరి పట్టు వేశారు, ఇటుక వేడిచేసి పెట్టారు. పక్కింటి తహ్రా రోజూ వచ్చి చూసి పోయేది. పోయేముందు పుండు మీద కారం చల్లి పోయేది.

"హనియా ఎక్కడ కూర్చుంటోందో తెలుసా బతూల్? ఎప్పుడు చూసినా తొట్టి దగ్గరే. నీ మూలని ఆనుకునే ఉంటోంది. నీ గిరాకీ అంతా దానికేగా ఇప్పుడు!"

"తింటే తిననీ, అరగకపోతే దానికే," అన్నాను.

"చోటెక్కడికీ పోలేదమ్మా, బకెట్ ఉందటగా," అని సిహామ్ అనేది. నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను. వేడికి తాళలేదని అది నడిమి గది దాటి లోపలికి పోదు. దానికేం తెలుస్తుంది?

తర్వాత లల్లా మెన్నానా వచ్చింది. హమ్మామ్ యజమాని హాజీకి అక్క, గుమ్మం దగ్గర కూర్చుని బట్టలకు కాపలా కాసే మనిషి. ఆచారం ప్రకారం కోన్‌లా ఉండే చక్కెర దిమ్మ ఒకటి నీలం కాగితంలో చుట్టి పట్టుకొచ్చింది. కూర్చుని, టీ తాగి, అప్పుడు చెప్పింది.

"నువ్వు నా చెల్లెల్లాంటిదానివి బతూల్, దాచడమెందుకు? రంజాన్ ముందు రద్దీ ఎలా ఉంటుందో నీకు తెలుసు. షాబాన్ నెల సగానికల్లా నువ్వు రాకపోతే వేరే మనిషిని పెడతానంటున్నాడు మా తమ్ముడు. ఖెనిఫ్రా నుంచి ఎవరో పిల్ల వచ్చింది. రాయిలా ఉంది, రోజంతా రుద్దినా అలుపు రాదు."

"నా చోట్లోనా?"

"ఖాళీగా ఉన్నది అదేగా తల్లీ."

ఆవిడ వెళ్ళాక గోడవైపు తిరిగి ఏడ్చాను. మొగుడు పోయినప్పుడు కూడా ఆ చోటే నన్ను నిలబెట్టింది. ఇంకో పని నాకు రాదు. ఆ మూల పోతే నేను బతూల్‌ని కాను, సిహామ్ మీద పడి తినే ముసలిదాన్ని.

మాత్రలు మింగాను, ఫిజియోథెరపీ అన్నారు, అదీ చేయించుకున్నాను. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకునేది. చివరికి సిహామ్ నన్ను పెద్దాసుపత్రిలో నొప్పుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టర్ బెన్నూనా అనే ఆడపిల్ల. నా కూతురి వయసే ఉంటుంది. స్కాన్ ఫిలిం దీపానికి పెట్టి చూపించింది.

"ఇదిగో పిన్నీ, ఈ రెండు పూసల మధ్య మెత్తటి దిండు ఉంది చూశారా? అది జారి నరం మీద కూర్చుంది. నరం వాచింది, అందుకే గోలపెడుతోంది. ఆ వాపు మీదికే స్టెరాయిడ్ మందు సూదితో పంపిద్దాం."

"వెన్నులో సూది పొడిస్తే కాళ్ళు పడిపోతాయటగా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటారు."

"ఆ అందరిలో వేయించుకున్నవాళ్ళు ఎంతమంది?"

నేను సిహామ్ వైపు చూశాను.

"ప్రమాదమే లేదని అబద్ధం చెప్పను," అంది. "చాలా అరుదు. ఎక్స్‌రేలో చూసుకుంటూ వేస్తాం, గుడ్డిగా పొడవం."

"వేస్తే నయమైపోతుందా మరి?"

"ఈ సూది దిండుని వెనక్కి నెట్టదు పిన్నీ. వాపు తీస్తుంది. వాపు తీస్తే నొప్పి తగ్గుతుంది, నొప్పి తగ్గితే మీరు వ్యాయామం చేసి నడుం గట్టి చేసుకోవచ్చు. కొందరికి నెలలు పనిచేస్తుంది, కొందరికి వారాలే. కొందరికి అసలు చెయ్యదు."

సరుకు అమ్ముకోవడం చేతకాని పిల్ల అనుకున్నాను. కానీ అంత నిజం చెప్పే మనిషి మోసం చేయదని కూడా అనుకున్నాను.

సూది వేసే రోజు పొట్టకింద దిండు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. గది చల్లగా ఉంది, నాకు వణుకు. బిస్మిల్లా అనుకుని కళ్ళు మూసుకున్నాను. ముందు తిమ్మిరి మందు, తేలు కుట్టినట్టు చురుక్కుమంది. తర్వాత లోపలేదో నొక్కినట్టయింది, అంతలో పిర్ర నుంచి బొటనవేలి దాకా అదే నొప్పి అదే దారిలో పరిగెత్తింది.

"అమ్మో! అదే! అక్కడే!" అని అరిచాను.

"అక్కడేనా? అయితే సరైన చోటే ఉన్నాం," అంది ఆ పిల్ల, నేనేదో పాట పాడినట్టు సంతోషంగా.

కాసేపటికి కాల్లోకి వెచ్చదనం దిగింది. నొప్పి పోయింది. తగ్గడం కాదు, పోయింది. ఎన్నాళ్ళకో నా కాలు మళ్ళీ నాదయింది. డాక్టరు సిహామ్‌ని పక్కన నిలబెట్టి ఏవేవో చెబుతోంది. ఇవాళ్టి హాయి తిమ్మిరి మందుది, అది దిగిపోతే నొప్పి మళ్ళీ వస్తుంది, ఒకటి రెండు రోజులు ఎక్కువైనా అవ్వచ్చు, భయపడొద్దు. అసలు మందు మెల్లగా పనిచేస్తుంది, వారం పైన పట్టినా పట్టవచ్చు. సూది వేసిన చోటు నాననివ్వద్దు, తను చెప్పేదాకా హమ్మామ్ వద్దు, బరువులు వద్దు. అమ్మకు షుగరుంది కాబట్టి కొన్నాళ్ళు అది ఎగబాకుతుంది, తీపి ముట్టనివ్వద్దు. ఇవన్నీ నా చెవిన పడ్డాయి గాని బుర్రలోకి ఎక్కలేదు. నేను అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి హమ్మామ్‌లో నీళ్ళు పోసుకుంటేనే రోగం గడప దాటినట్టు మా లెక్క. ఎవరైనా అంతే చేస్తారు. సాయంత్రం సిహామ్ మందుల షాపుకు వెళ్ళగానే నా చేతితొడుగు, నల్లసబ్బు చంకన పెట్టుకుని బయల్దేరాను. కాస్త కాలు బరువుగా ఉంది గాని నా కాళ్ళ మీద నేను నడిచాను. సందులో కనిపించిన ప్రతివాళ్ళకూ "అల్హందులిల్లా, లేచాను" అని చెప్పుకుంటూ పోయాను. మెన్నానా ముందు నిలబడి "ఏదీ, ఎవరా ఖెనిఫ్రా పిల్ల?" అని అడగాలని నా ఉబలాటం.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి హనియా వచ్చింది. ఒళ్ళంతా తడి, నడుముకు చుట్టుకున్న గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ ద్వారబంధానికి అడ్డం పెట్టి నిలబడింది.

"ఎక్కడికే?"

అన్నేళ్ళకు నాతో అన్న మొదటి మాట అది.

"నా చోటుకి."

"చోటూ లేదు గీటూ లేదు. ఇంటికి పో."

"ఇదేమన్నా నీ అబ్బ హమ్మామా?"

"ఇవాళ్టికి మా అబ్బదే అనుకో. గడప దాటావంటే కాగే నీళ్ళు కుమ్మరిస్తా, చెబుతున్నా!"

మెన్నానా వైపు చూశాను. ఆవిడ బట్టల మూటలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. అప్పటికే సందులో జనం మూగారు. నాకు తల తీసేసినట్టయింది.

"నా అన్నం తిన్నావు, నా మూల తిన్నావు, ఇక నన్ను కూడా తినవే! నీ చేతులు పడిపోను!" అని అరిచి వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను, నొప్పితో కాదు, ఉక్రోషంతో.

తెల్లారేసరికి నొప్పి తిరిగొచ్చింది. ఊరికే రాలేదు, చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే. డాక్టరు చెప్పింది గుర్తు చేయబోయింది సిహామ్. నేను విననిస్తేనా? హనియా దిష్టి కొట్టింది, అంతే. సూది వృథా, డాక్టరు వృథా, షాబాన్ సగమవుతోంది.

"ఇక బుషైబ్ దగ్గరికి పోదాం," అంది తహ్రా. ఊరి బయట బుషైబ్ అని ఒకడున్నాడు. బూజల్లూమ్‌కు ఇనుపకడ్డీ ఎర్రగా కాల్చి తొంటి మీద వాతలు పెడతాడు. వాత పెట్టించుకున్నవాళ్ళు పాత నొప్పి మరిచిపోయామంటారు. మరిచిపోక ఏం చేస్తారు, కొత్త నొప్పి ముందు పాతది ఎంత! అయినా సరే అన్నాను. తహ్రా టాక్సీ కోసం వెళ్ళింది. సిహామ్ ఏడుస్తూ ఎటో పరిగెత్తింది.

అది పరిగెత్తింది హనియా దగ్గరికని నాకేం తెలుసు? కాసేపటికి ఇద్దరూ వచ్చారు. హనియా జెల్లాబా అంగీ తొడుక్కుని, దాని టోపీ వీపు మీదికి సంచిలా వేలాడేసుకుని, వగరుస్తూ నా మంచం ముందు నిలబడింది.

"వాత పెట్టించుకుంటావటగా?"

"పెట్టించుకుంటాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నేను మంచాన పడితే నీకే కదా పండగ!"

హనియా గది చుట్టూ చూసింది. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు తెచ్చిన చక్కెర దిమ్మలు మూడు బల్లమీద వరసగా ఉన్నాయి. ఉన్నట్టుండి అటు తిరిగి, గోడవైపు మొహం పెట్టి, జెల్లాబా నడుం దాకా ఎత్తేసింది. సిహామ్ మొహం పక్కకు తిప్పుకుంది. నేను చూశాను. తొంటి మీద మూడు మచ్చలు, ఒక్కోటి కాలిన రొట్టె మాడులా నల్లగా, ముడతలు పడి ఉన్నాయి. పక్కపక్కనే అన్నేళ్ళు పనిచేశాం, నడుముకు చుట్టిన గుడ్డ కింద అవి ఉన్నాయని నాకు తెలియనే తెలియదు.

"బాగా చూశావా?" అంది జెల్లాబా దించుకుంటూ. "మా అమ్మ తీసుకెళ్ళింది, నన్ను బాగు చేద్దామనే. పుళ్ళు చీముపట్టి ఎన్నాళ్ళో బోర్లా పడుకున్నాను. బూజల్లూమ్ మాత్రం ఎక్కడికీ పోలేదు, చలికాలం వస్తే ఇప్పటికీ లాగుతుంది. నాకప్పుడు ఇట్లాంటి సూది ఒకటుందని చెప్పిన దిక్కు లేదు. నీకు వేసే డాక్టరుంది, తీసుకెళ్ళే కూతురుంది. రొట్టెపిండి కలిపితే పొంగేదాకా ఆగుతావా లేదా? మందుకి ఆ మాత్రం టైము ఇవ్వలేవా మొండిదానా?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నిన్న గుమ్మంలో పరువు తీసినదానివి, ఇవాళ సుద్దులు చెబుతావా?" అన్నాను.

"హమ్మామ్‌లో నానితే సూది పోటు చీముపడుతుందని నీ కూతురు నిన్న మందుల షాపుకు పోతూ నాకు చెప్పింది. నీకు చెబితే వింటావా? నీకు చెప్పడం దున్నపోతు మీద వాన."

అని, ఆ మూడు చక్కెర దిమ్మలూ తీసి జెల్లాబా టోపీలో వేసుకుంది. "ఇది నీకు విషం ఇప్పుడు," అంటూ వెళ్ళిపోయింది.

"దొంగదానా! చోటు చాలలేదా, చక్కెర కూడా కావాలా!" అని వెనకనుంచి అరిచాను.

టాక్సీ వచ్చింది. హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. నేను వెళ్ళనని చెప్పించాను. హనియా మీద నమ్మకంతో కాదు. ఆ మూడు మచ్చలు కళ్ళముందు నుంచి పోలేదు, అంతే.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పను. మొహం ఎర్రబడింది, షుగరు ఎగబాకింది, సిహామ్ నాకు ఉప్పులేని కూరలు పెట్టి, తీపిలేని టీ పోసి ప్రాణం తీసింది. షాబాన్ సగం దాటిపోయింది. మెన్నానా దగ్గర్నుంచి కబురు లేదు. చోటు పోయిందని నాకు నేనే చెప్పుకున్నాను, నొప్పెట్టే పన్ను ఒక్కసారిగా పీకించుకున్నట్టు.

ఒకరోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు చేస్తున్నాను. చలికాలం నుంచి కుర్చీలో కూర్చునే చేస్తున్నాను, వంగలేక. ఆవేళ నిద్రమత్తులో కుర్చీ సంగతి మరిచిపోయాను. నుదురు నేలకు తగిలాక గాని నాకు తెలియలేదు, నేను సజ్దాలో ఉన్నానని. కాలు కేక పెట్టలేదు. నడుం కేక పెట్టలేదు. చాప వాసన వస్తోంది. నేను లేవలేదు, అక్కడే ఉండి ఏడ్చాను. నాకు ఏ దువా, ఏ ప్రార్థనా గుర్తు రాలేదు. "ఆ సూది కనిపెట్టిన మనిషెవరో, వాళ్ళమ్మ కడుపు చల్లగా ఉండనీ. ఆ పిల్ల బెన్నూనా చేతులు చల్లగా ఉండనీ," అని ఒక్కటే అన్నాను. సిహామ్ పరిగెత్తుకొచ్చి నేను పడిపోయాననుకుంది.

"పడలేదే, వంగాను! చూడు, వంగాను!" అన్నాను.

డాక్టరు నన్ను అటూఇటూ నడిపించి, కాలెత్తించి, నవ్వింది. "రోజుకు ఒక్క పూట పని చెయ్యండి చాలు. బకెట్లు ఎత్తకూడదు, ఎత్తు పీట మీద కూర్చుని రుద్దండి. వ్యాయామం మానేస్తే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఊరికే మాటిమాటికీ సూదులు వెయ్యను, గుర్తుంచుకోండి."

ఆమె చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నాను. "పిన్నీ, పిన్నీ, వద్దు" అంటూ లాక్కుంది. నేను వదలలేదు.

పని చేయవచ్చు సరే, ఎక్కడ చేయాలి? హాజీ కాళ్ళ మీద పడదామనుకున్నాను. తొట్టి పక్క మూల అడగను, గుమ్మం దగ్గర చన్నీళ్ళ వైపు, ఎవరికీ అక్కర్లేని చోటైనా ఇమ్మంటాను. ఆ మాటలే మననం చేసుకుంటూ వెళ్ళాను.

రంజాన్ ముందు రద్దీ. గుమ్మం దగ్గర చెప్పులు కుప్పలు. మెన్నానా నన్ను చూసి లేచి కౌగిలించుకుంది.

"లల్లా, నేను అడిగేదేమంటే..."

"నన్నడక్కు. ముందు లోపలికి పోయి చూడు," అంది.

వేడి గది కిక్కిరిసి ఉంది. ఆవిరిలో మనుషులు మనుషుల మీద ఉన్నారు. ఇద్దరు కూర్చునే చోట నలుగురు కూర్చున్నారు. ఒక పిల్ల నిలబడే నీళ్ళు పోసుకుంటోంది. ఆ తొక్కిడిలో వేడినీళ్ళ తొట్టి పక్కన, గోడ మూలకు, మనిషి పట్టే జాగా ఒకటి ఖాళీగా ఉంది. మధ్యలో నా నీలం బకెట్, అంచు పగిలితే తీగతో కుట్టుకున్న నా బకెట్, బోర్లించి ఉంది.

నేను కదలలేకపోయాను. గుమ్మం దగ్గర చన్నీళ్ళ వైపు కూర్చుని రుద్దుతున్న బలమైన పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. ఖెనిఫ్రా పిల్ల అదే.

"మీరేనా బతూల్?" అంది. "అబ్బో, మీ బకెట్‌తో పడలేక చచ్చాను! హాజీ నాకా మూల ఇమ్మన్నాడు. నేను బకెట్ తియ్యబోతే ఆ ఎముకలావిడ దాని మీద ఎక్కి కూర్చుంది. హాజీని గుమ్మం దగ్గరికి పిలిపించి అరిచింది. 'బకెట్ ఉందా? బోర్లించి ఉందా? అయితే మనిషి వస్తుంది. ఆ చోటు తీస్తే నా చోటు కూడా తీసెయ్యి' అంది."

"శుక్రవారాలు?" అన్నాను.

వెనకే వచ్చిన మెన్నానా చెప్పింది. "నిన్ను మోసుకుపోయిన రోజు బకెట్ బోర్లించింది హనియానే. ప్రతి శుక్రవారం కడగడానికి ముందే వచ్చి నిలబడేది. నేల ఆరకుండానే నీ బకెట్ పెట్టి, తర్వాత తనది పెట్టుకునేది. నీకు చెబుదామంటే నా మీద ఒట్టేసింది."

హనియా తొట్టికి ఆనుకుని ఎవరి వీపో రుద్దుతోంది, నా మూలకు కావలి కుక్కలా. తల ఎత్తి చూసింది.

"ఏమే, గుడ్లప్పగించి నిలబడ్డావు? పీట తెచ్చుకో. నీళ్ళు నేను అందిస్తాలే, ఎత్తావంటే చంపుతా."

"నాకు చెప్పొచ్చుగా!" అన్నాను. ఏడుపు ఆగడం లేదు. "చోటుందని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? మనకి మాటల్లేవుగా," అంది.

గదిలో ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. నేను ఏడుస్తూనే నవ్వాను.

"నా చక్కెర ఏదే?"

"రెండు దిమ్మలు మెన్నానా దగ్గరున్నాయి. మూడోది టీలో పడింది. నీ పేరు చెప్పుకునే తాగాం, ఏడవకు."

ఎత్తు పీట వేసుకుని నా మూలలో కూర్చున్నాను. నా బకెట్ ఇటు తిప్పాను. మొదటి గిరాకీ ఎవరో వస్తే, ఆగమన్నాను.

"హనియా, ఇటు రా. కూర్చో."

"నాకు పనుంది."

"ఇవాళ గురువారమే. కూర్చోవే!"

సణుగుతూ వచ్చి నా ముందు వీపు పెట్టి కూర్చుంది. నల్లసబ్బు రాసి, తొడుగు వేసుకుని రుద్దాను. మురికి పేలికలు పేలికలుగా ఊడిపడింది. "ఊరందరి మురికీ తీసేదానివి, నీ వీపు మీద ఇన్నేళ్ళ పంట పెంచుకున్నావా?" అన్నాను.

"రుద్దేదానికి పొగరెక్కి కూర్చుంది మరి, ఏం చెయ్యను?"

నడుం దాకా వచ్చాను. గుడ్డ కాస్త జరిగి మొదటి మచ్చ కనబడింది. చేతితొడుగు తీసేసి, ఒట్టి చేత్తో సబ్బు రాసి, మెల్లగా నీళ్ళు పోశాను.

"ఆపావేమే?"

"ఏం లేదు. నీకు దేవుడు మేలు చెయ్యాలి హనియా. నాకు మేలు చేశావు. సూది నా కాలు నాకిచ్చింది, నువ్వు నా చోటు నాకిచ్చావు."

అది తొట్టి వైపు మొహం తిప్పుకుంది. తర్వాత, "ఆ భుజం కింద ఇంకా దురదగా ఉంది, అక్కడ రుద్దు," అంది. గొంతు మాత్రం దానిది కాదు.

పూట పని అయిపోయింది, డాక్టరు మాట వినాలి. జెల్లాబా తొడుక్కుని, చక్కెర దిమ్మలు రెండూ హమ్మామ్ టీకి ఉంచమని మెన్నానాకు చెప్పి గుమ్మం దాటుతుంటే, ఆవిడ వెనకనుంచి పిలిచింది.

"బతూల్! బకెట్ బోర్లించడం మరిచిపోయావు!"

"మరిచిపోలేదు లల్లా," అన్నాను. "హనియా ఉందిగా."